అధ్యక్షుడే కోర్టు మాట వినకపోతే అమలు చేసేదెవరు?

అమెరికా రాజ్యాంగం బాగా తెలిసినవాళ్లు ఉంటే కాస్త చెప్పండి. 1957లో ఆర్కాన్సా రాష్ట్రంలోని లిటిల్ రాక్‌లో, కోర్టు చేర్చుకోమన్నా నల్లజాతి పిల్లల్ని తెల్లవాళ్ల స్కూల్లోకి రానివ్వకుండా గవర్నర్ నేషనల్ గార్డ్‌ను (రాష్ట్ర సైనిక దళాన్ని) నిలబెడితే, చివరికి కోర్టు ఆదేశం అమలు కోసం అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 101వ ఎయిర్‌బోర్న్ సైనికుల్ని దింపారు. అక్కడ ఎదురు తిరిగింది రాష్ట్రం కాబట్టి సరిపోయింది. 1974లో వాటర్‌గేట్ కుంభకోణంలో వైట్‌హౌస్ సంభాషణల టేపులు ఇచ్చేయమని సుప్రీంకోర్టు 8-0తో తీర్పిస్తే అధ్యక్షుడు నిక్సన్ ఇచ్చేశారు. ఇవ్వనని మొండికేసి ఉంటే?

నాకు అర్థం కానిది ఇక్కడే. కోర్టు ఆదేశాలు అమలు చేసే మార్షల్స్ న్యాయశాఖ కింద, అంటే అటార్నీ జనరల్ కింద పనిచేస్తారు. అటార్నీ జనరల్‌ని ఎంచుకునేదీ, తీసేసేదీ అధ్యక్షుడే. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు లేదూ? పోనీ కోర్టు ధిక్కారం కింద అధికారులకు శిక్ష వేద్దామంటే, క్రిమినల్ ధిక్కారానికి (జరిగిన ధిక్కారానికి వేసే శిక్షకు) అధ్యక్షుడు క్షమాభిక్ష పెట్టొచ్చని 1925లో గ్రాస్‌మన్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. అభిశంసన ఉందిగా అంటారు. సెనేట్‌లో మూడింట రెండొంతుల ఓట్లు ఎక్కడినుంచి తెస్తారండీ!

మరి సివిల్ ధిక్కారం, అంటే ఆదేశం పాటించేదాకా ఒత్తిడి పెట్టేది, దాని సంగతేంటి? రోజుకింత అని జరిమానా వేస్తే దానికీ క్షమాభిక్ష వర్తిస్తుందా? మార్షల్స్ కదలకపోతే జడ్జి వేరేవాళ్లను నియమించుకోవచ్చా? కేసు పేరు చెప్పినా చాలు, నేనే వెతుక్కుని చదువుకుంటాను.