రొథారి శాసనంలో మిగిలిన లొంబార్డు మాటల గురించి ఒక సందేహం

పెద్దలకు నమస్కారం. తొలి మధ్యయుగపు ఇటలీ చరిత్రను సొంత ఆసక్తితో చదువుకుంటున్నాను.

568లో ఆల్బోయిన్ రాజు వెంట పన్నోనియా (నేటి హంగేరీ ప్రాంతం) నుండి ఇటలీలోకి ప్రవేశించిన లొంబార్డులు, 643లో రొథారి రాజు కాలంలో తమ ఆచారాలను మొదటిసారి లిఖితరూపంలో పెట్టినప్పుడు, తమ జర్మానిక్ భాషలో కాక లాటిన్‌లో రాయించారు; అదే రొథారి శాసనం. అయినా కొన్ని మాటలను అనువదించకుండా అలాగే ఉంచారు. స్త్రీపై పురుషునికుండే సంరక్షణాధికారం ‘ముండ్’, పెళ్లయిన మరునాటి ఉదయం భర్త భార్యకిచ్చే కానుక ‘మోర్గిన్‌కాప్’, దానం పుచ్చుకున్నవాడు దాతకు బదులుగా ఇవ్వవలసిన ప్రతిఫలం ‘లౌనెగిల్డ్’. ఈ చివరి మాట నన్ను చాలా రోజులుగా ఆలోచింపజేస్తోంది. ప్రతిఫలం ముట్టనిదే దానం స్థిరపడదన్న భావన అందులో ఉంది.

లాటిన్‌లో వీటికి సరైన సమానార్థకాలు లేకపోవడమే ఇందుకు కారణమా, లేక న్యాయసభలో ఆ మాటలనే పలకాలన్న నియమం ఉండేదా? 774లో ఫ్రాంకుల రాజు షార్లమేన్ లొంబార్డుల రాజధాని పావియాను జయించి, వారి రాజు దేసిదేరియస్‌ను పదవీచ్యుతుణ్ణి చేసేనాటికి లొంబార్డు భాష ఇళ్లలో ఇంకా వినిపించేదా, లేక చట్టపు పదాలుగానే మిగిలిందా? లాటిన్ మూలాన్ని చదివినవారు దయచేసి వివరించగలరు. ఏ అధ్యాయాలను ముందుగా చూడాలో సూచించినా ఎంతో కృతజ్ఞుడిని.