నల్ పాయింటర్ ఎక్సెప్షన్ లాగ్‌లో ఒక్క లైనే వస్తోంది, స్టాక్ ట్రేస్ ఎటు పోయింది?

రాత్రిషిఫ్ట్:

అందరికీ నమస్తే. మాది ఇన్సూరెన్స్ క్లయింట్, రాత్రిపూట పాలసీ రెన్యువల్ బ్యాచ్ నడుస్తుంది. జావా 17, స్ప్రింగ్ బూట్, లాగ్ రాసేది లాగ్‌బ్యాక్ లైబ్రరీ. ఈ మధ్య లాగ్ తెరిస్తే ఇదే వరస:

ఎర్రర్ రెన్యువల్‌వర్కర్ - రికార్డు ఫెయిలైంది
జావా.లాంగ్.నల్‌పాయింటర్‌ఎక్సెప్షన్: నల్

అంతే. కింద "ఎట్" అంటూ, ఏ మెథడ్ ఏ లైన్లో పడిందో చెప్పే స్టాక్ ట్రేస్ లైన్లు ఒక్కటీ లేవు. ఫైల్ నిండా ఇవే. ఏ క్లాసో ఏ లైనో తెలియకుండా ఎక్కడని వెతకను?

క్యాచ్‌లో గెట్‌మెసేజ్ ఒక్కటే ప్రింట్ చేస్తున్నారేమో అని మాత్రం అడక్కండి, లాగర్‌కి ఎక్సెప్షన్ ఆబ్జెక్టునే ఇస్తున్నాం. మా లీడ్ లాగ్‌బ్యాక్ కాన్ఫిగ్ పాడైందంటున్నారు. మరి అదే ఫైల్లో డేటాబేస్ టైమవుట్‌కి బారెడు ట్రేస్ ఎలా వస్తోంది? నా లాప్‌టాప్‌లో కావాలని నల్ (ఖాళీ విలువ) పంపి చూశా, ట్రేస్ శుభ్రంగా వస్తోంది. ప్రొడక్షన్ డేటా మా చేతికి ఇవ్వరు. పైగా 17లో ఏది నల్లో కూడా మెసేజ్‌లోనే చెబుతుంది కదా, అదీ లేదు. రేపు క్లయింట్ కాల్ ఉంది, టెన్షన్‌గా ఉంది.

బెంచ్‌మీదున్నా:

రీస్టార్ట్ చెయ్ బ్రో, మొదట్లో కాసేపు ట్రేస్ వస్తుంది. మాకూ ఇంతే. ఎందుకో అడగకు.

అద్దంకి_అక్క:

తమ్ముడూ, లాగ్‌బ్యాక్ తప్పేం లేదు. ట్రేస్ తీసేసింది కంపైలర్. ముందే కంపైల్ చేసే జావాక్ కాదు, ప్రోగ్రామ్ నడుస్తుండగా లోపల పనిచేసే జిట్, అందులోనూ హాట్‌స్పాట్ అనే జేవీఎం (జావా ప్రోగ్రామ్‌ని నడిపేది)లోని సీ2. పైన రీస్టార్ట్ అన్నాయన మాట నిజమే, కారణం చెబుతాను.

నామినీ.గెట్‌రిలేషన్() అని రాశారనుకోండి. నామినీ నల్లా కాదా అని ఎవరో ఒకరు చూడాలి. సీ2 మామూలుగా ఆ పోలిక రాయనే రాయదు, నేరుగా ఆ అడ్రస్ నుంచి చదివేస్తుంది. నల్ అయితే అది సున్నా పక్కనే ఉండే అడ్రస్, అక్కడ మెమరీ మ్యాప్ అయి ఉండదు, ముట్టుకోకూడని మెమరీ ముట్టుకున్నావని లినక్స్ సిగ్‌సెగ్‌వీ అనే సిగ్నల్ పంపుతుంది. సీ ప్రోగ్రామ్ అయితే అక్కడికక్కడే చచ్చేది. జేవీఎం ఆ సిగ్నల్‌ని పట్టుకుని, ఏ ఇన్‌స్ట్రక్షన్ దగ్గర వచ్చిందో తన టేబుల్లో చూసుకుని, కంపైలైన కోడ్ వదిలేసి, కోడ్‌ని ఒక్కో అడుగుగా నడిపే ఇంటర్‌ప్రెటర్‌లోకి దిగుతుంది. ఎక్సెప్షన్ ఆబ్జెక్టు తయారయ్యేది, స్టాక్ అంతా తిరిగి ట్రేస్ నిండేది అప్పుడే. నల్ రానంతసేపూ ఆ చెక్‌కి పైసా ఖర్చు లేదు. వచ్చిందంటే తడిసి మోపెడు.

అదే చోట అదే పనిగా వస్తుంటే సీ2 ఆ మెథడ్‌ని మళ్లీ కంపైల్ చేస్తుంది. ఈసారి మామూలు పోలికే పెడుతుంది, నల్ అయితే ముందే చేసి ఉంచిన ఎక్సెప్షన్ ఆబ్జెక్టు ఒకటి విసురుతుంది. ఎన్నిసార్లు విసిరినా అదే ఆబ్జెక్టు. దానికి ట్రేస్ లేదు, మెసేజ్ లేదు. లాగ్‌బ్యాక్ పక్కన "నల్" అని రాస్తున్నది ఆ లేని మెసేజ్‌నే. మీరన్న వివరమైన మెసేజ్ (14లో వచ్చింది, 15 నుంచి దానంతటదే ఆన్) కూడా ట్రేస్‌ని చూసే తయారవుతుంది, ట్రేస్ పోతే అదీ పోతుంది.

ఇంకోటి. నల్ తగిలిన మెథడ్‌లోనే క్యాచ్ కూడా ఉంటే సీ2 ఇంకా తొందరపడుతుంది, ఒక్కసారి జరిగినా చాలు, ఇది తరచూ జరిగేదే అనుకుంటుంది. అప్పుడు త్రో అన్నది క్యాచ్‌లోకి ఒక్క జంప్ అయిపోతుంది కదా. మీ వర్కర్‌లో ఫర్ లూప్ లోపల ట్రై ఉందని పందెం కాస్తా.

ఈ వైద్యం జేవీఎం తానే విసిరేవాటికే: నల్ పాయింటర్, అర్రే ఇండెక్స్ దాటడం, క్లాస్ కాస్ట్, సున్నాతో భాగహారం, అర్రే స్టోర్. మనం త్రో న్యూ అని రాసినవాటి జోలికి రాదు, అందుకే టైమవుట్‌కి ట్రేస్ వచ్చింది. లాప్‌టాప్‌లో మీరు పంపిన నాలుగు నల్‌లకి సీ2 నిద్ర కూడా లేవదు.

చేయాల్సింది: జేవీఎం ఎప్పుడు లేచిందో చూసి, అప్పటి లాగ్ తీయండి. రొటేట్ అయి జీజెడ్ ఫైల్‌గా కుదించి ఉంటుంది, అలాంటి ఫైళ్లలో వెతికే జెడ్‌గ్రెప్ కొట్టండి. మొదటి కొన్నిటికి పూర్తి ట్రేస్ ఉంటుంది. ఆ తర్వాత జేవీఎంకి ఈ ఫ్లాగ్ (లేచేటప్పుడు ఇచ్చే సెట్టింగ్) పెట్టండి, ట్రేస్ తీసేయడం ఆగుతుంది:

-ఎక్స్ఎక్స్:-ఆమిట్‌స్టాక్‌ట్రేస్‌ఇన్‌ఫాస్ట్‌త్రో

కోలన్ తర్వాత మైనస్ ఉంది, చూసుకోండి. ప్లస్ పెడితే ఇప్పుడున్నదే ఉంటుంది. ఇదేం కొత్త వింత కాదు, 2004లో వచ్చిన జావా 5 రిలీజ్ నోట్స్‌లోనే రాశారు. రిలీజ్ నోట్స్ ఎవరు చదువుతారులెండి.

నా మటుకు నేను ప్రొడక్షన్‌లో ఈ ట్రేస్ తీసేయడాన్ని ఎప్పుడూ ఆపే ఉంచుతాను. గంటకి వేలసార్లు నల్ తగిలే ప్రోగ్రామ్ వేగంగా నడిచి ఎవర్ని ఉద్ధరించాలి?

డిస్క్‌ఫుల్:

అక్కా, వివరం బాగుంది కానీ "ఎప్పుడూ ఆపే ఉంచుతాను" దగ్గర నేను ఒప్పుకోను. స్ప్రింగ్‌లో ఒక్కో ట్రేస్ వంద లైన్లు ఈజీగా దాటుతుంది. మా పాత ప్రాజెక్టులో ఈ ఫ్లాగ్ ఆపేశాక ఒక పాడు ఫైల్ లోడ్ అయింది, తెల్లారేసరికి లాగ్ పార్టిషన్ నిండిపోయి, మంచిగా నడుస్తున్న పక్క సర్వీసులు కూడా పడుకున్నాయి. డిస్క్ సంగతి అటుంచినా, ట్రేస్ నింపడానికి అయ్యే ఖర్చు స్టాక్ లోతుని బట్టి పెరుగుతుంది. పెట్టేవాళ్లు లాగ్‌బ్యాక్ ప్యాటర్న్‌లో పర్సెంట్ ఈఎక్స్ పక్కన కర్లీ బ్రాకెట్లో 20 అని లోతు కూడా పెట్టుకోండి.

అద్దంకి_అక్క:

లోతు కట్టడి చేయాలన్నది ఒప్పుకుంటా. అయితే అది లాగ్ సైజునే తగ్గిస్తుంది, ట్రేస్ నింపే ఖర్చు అలాగే ఉంటుంది. అయినా ఫ్లాగ్ ఆపే ఉంచుతా :)

సీప్లస్‌ప్లస్_బాబాయ్:

మీ గొడవ చూస్తే ముచ్చటేస్తోంది. మాకు ఎక్సెప్షన్‌తో పాటు ట్రేస్ అన్నదే రాదు. 64 బిట్ లినక్స్‌లో జీసీసీ, క్లాంగ్ కంపైలర్లు రెండూ ట్రైలోకి వెళ్లడానికి ఒక్క ఇన్‌స్ట్రక్షన్ కూడా పెట్టవు. ఎక్కడ విసిరితే ఎక్కడికి పోవాలో వేరే టేబుల్లో రాసిపెడతాయి. విసిరినప్పుడు స్టాక్‌ని రెండుసార్లు నడుస్తారు: పట్టేవాడెవడో చూడటానికి ఒకసారి, డిస్ట్రక్టర్లు (ఆబ్జెక్టుల్ని శుభ్రం చేసే ఫంక్షన్లు) పిలుస్తూ దిగడానికి ఇంకోసారి. దీనికే జీరో కాస్ట్ అని పేరు పెట్టారు, విసిరి చూస్తే తెలుస్తుంది ఎంత జీరోనో. 2022లో జీలిబ్‌సీ (లినక్స్ సీ లైబ్రరీ) 2.35, జీసీసీ 12 వచ్చేదాకా థ్రెడ్లన్నీ ఒకేసారి విసిరితే ఒకే లాక్ దగ్గర క్యూ కట్టేవి.

అద్దంకి_అక్క:

రెండుచోట్లా బేరం ఒకటే బాబాయ్ గారూ, తప్పు జరగని దారికి ఖర్చు లేకుండా చేసి, భారమంతా జరిగే దారి మీద వేశారు. తేడా ఏంటంటే జీసీసీ ముందే అంచనా వేసుకుని కోడ్ రాసేసి వెళ్లిపోతుంది, క్యాచ్ భాగాన్ని అరుదే అనుకుని దూరంగా పడేస్తుంది. సీ2 కోడ్ నడుస్తుండగా చూస్తూ ఉంటుంది. అరుదు అనుకున్నది రోజూ వచ్చేదని తేలితే మనసు మార్చుకుంటుంది. ఈ తమ్ముడి బగ్ దాని కళ్లకి హాట్ పాత్‌లా (తరచూ నడిచే దారిలా) కనిపించింది, దాన్నే ఆప్టిమైజ్ చేసింది పాపం.

రాత్రిషిఫ్ట్:

అక్కా, దొరికింది!! జెడ్‌గ్రెప్‌లో బ్యాచ్ మొదలైన కాసేపటి లైన్లలోనే పూర్తి ట్రేస్ ఉంది. మెసేజ్ కూడా ఉంది, నామినీ నల్ కాబట్టి గెట్‌రిలేషన్ పిలవలేకపోయానని. మీరు ఉదాహరణకి రాసిందే నిజమైంది! గ్రూప్ పాలసీలకి నామినీ వేరే టేబుల్లో ఉంటుందట, కొత్త మైగ్రేషన్‌లో ఇక్కడ ఖాళీగా వదిలారు. లూప్ లోపల ట్రై కూడా ఉంది, పందెం మీదే.

రెండు డౌట్లు. నల్ అయితే ఎక్సెప్షన్ విసిరే ఆబ్జెక్ట్స్.రిక్వైర్‌నాన్‌నల్ పెడితే ట్రేస్ ఎప్పుడూ వస్తుందా? మా స్టార్టప్ స్క్రిప్ట్ క్లయింట్ చేతిలో ఉంది, కంటైనర్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ మాత్రం మేమే పెడతాం. ఫ్లాగ్ అక్కడ ఇవ్వొచ్చా? నడుస్తున్న ప్రాసెస్‌కే పెట్టడం కుదురుతుందా?

అద్దంకి_అక్క:

వస్తుంది. దాని లోపల మామూలు జావా కోడ్‌లోనే త్రో న్యూ ఉంటుంది, సీ2 దాన్ని మార్చదు. పక్కన మెసేజ్‌గా పాలసీ నంబరు కూడా ఇవ్వండి.

నడుస్తున్న ప్రాసెస్‌కి కుదరదు, రీస్టార్ట్ కావాల్సిందే. జావా_టూల్_ఆప్షన్స్ అనే వేరియబుల్‌లో ఫ్లాగ్ పెట్టండి. లేవగానే ఆ వేరియబుల్ తీసుకున్నట్టు జేవీఎం ఒక లైన్ ప్రింట్ చేస్తుంది. అది కనిపించకపోతే వేరియబుల్ కంటైనర్ దాకా చేరలేదన్నమాట. జేసీఎండీ అనే జావా టూల్‌కి ప్రాసెస్ నంబరిచ్చి వీఎం.ఫ్లాగ్స్ అడిగినా మీరు పెట్టింది లిస్టులో కనిపిస్తుంది.