టూల్ ట్రాలీకి నాలుగూ తిరిగే చక్రాలా, రెండు ఫిక్స్‌డ్ చక్రాలా?

కొత్త షెడ్డు:
బైక్ రిపేర్ షెడ్డు కోసం ఇనుప యాంగిల్‌తో టూల్ ట్రాలీ కట్టించాను. ఖాళీ ట్రాలీయే 60 కిలోలు, సామాను సర్దితే ఇంకో 180 దాకా వస్తుంది. షెడ్డులో సగం సిమెంటు గచ్చు, సగం నాపరాళ్లు, వాకిట్లో చిన్న ర్యాంపు. షాపులో 3 అంగుళాల నైలాన్ చక్రాలు చూపించి, ఒక్కోటి 60 కిలోలు మోస్తుంది, నాలుగూ తిరిగేవే (ఏ దిక్కుకైనా మళ్లేవి) తీసుకోమన్నారు. మీరైతే ఏం వేస్తారు?

లేత్ పని:
నాలుగూ తిరిగేవే వేస్తాను. నా షెడ్డు వెడల్పు పది అడుగులు, అందులోనే లేత్, డ్రిల్లింగ్ మిషన్. ట్రాలీని పక్కకి జరిపి గోడకి ఆనించాలంటే ఫిక్స్‌డ్ చక్రాలతో ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు లాగాలి. నైలాన్ కూడా మంచిదే. గట్టిగా ఉంటుంది కాబట్టి బరువు వేసినా తేలిగ్గా దొర్లుతుంది. రబ్బరు చక్రానికైతే ఇనుప రజను ముళ్లలా గుచ్చుకుపోతుంది, అదే చక్రం టైల్స్ మీదికి వెళ్తే గీతలే గీతలు.

పాత మెకానిక్:
తమ్ముడూ, ముందు లెక్క సరిచేసుకో. మొత్తం 240ని నాలుగుతో భాగించి 60 సరిపోతుందనుకోకు. నాపరాళ్లు ఎప్పుడూ ఒక మట్టంగా ఉండవు. ఒక చక్రం గాల్లోకి లేస్తే బరువంతా మిగతా మూడింటి మీదే. అప్పుడు ఒక్కోదాని వాటా 80. సందుల్లో పడి లేచేటప్పుడు తగిలే దెబ్బలు కూడా కలుపుకుని, కనీసం 100 కిలోలు మోసేది చూడు.

ఇక 3 అంగుళాలు వద్దే వద్దు. మా షెడ్డులో ఒకసారి చిన్న నట్టు నేల మీద పడి ఉంది. ట్రాలీ తోస్తున్న కుర్రాడు చూసుకోలేదు. ముందు చక్రం దానికి తగిలి ఠక్కున ఆగింది, ట్రాలీ ముందుకు తూలింది, పై డ్రాయరు జారి సాకెట్లన్నీ పక్కనున్న మరో కుర్రాడి కాలి మీద పడ్డాయి. బొటనవేలి గోరు ఊడిపోయింది. చక్రం పెద్దదైతే ఆ నట్టుని ఎక్కి దిగిపోయేది. 5 అంగుళాలవి వెయ్యి. ట్రాలీ ఎత్తు పెరుగుతుంది కాబట్టి కాళ్లు ఆ మేరకు కోయించు.

నాలుగూ తిరిగేవైతే ర్యాంపు మీద ట్రాలీ పక్కకి జారుతుంది. 240 కిలోలు ఒక్కసారి అడ్డం తిరిగితే ఆపడం ఒక్కడి వల్ల కాదు. నువ్వు పట్టుకునే వైపు తిరిగేవి రెండు, అవతలి వైపు ఫిక్స్‌డ్ రెండు.

లేత్ పని:
సైజు గురించి మీరు చెప్పింది నిజమే అన్నా, ఒప్పుకుంటాను. కానీ ర్యాంపు రోజుకి రెండుసార్లు, పక్కకి జరపడం యాభైసార్లు. తిరిగే చక్రాన్ని ఒకే దిక్కుకి బిగించే పిన్ను ఉన్నవి దొరుకుతాయి. ర్యాంపు దిగేటప్పుడు రెండు పిన్నులు వేస్తే అవే ఫిక్స్‌డ్.

పాత మెకానిక్:
పిన్ను వేయడం గుర్తున్నంత కాలం మంచిదే. పని ఒత్తిడిలో కుర్రాళ్లు మర్చిపోతారు, నా భయమంతా అక్కడే.

వెల్డింగ్ బల్ల:
వెల్డింగ్ కూడా అక్కడే చేస్తారా? అయితే ప్లాస్టిక్ రకాలేవీ వద్దు. వేడి ముక్క పడితే నైలాన్ కరిగి గుంట పడుతుంది, ఆ తర్వాత తోసినప్పుడల్లా టకటకమంటుంది. నా బల్లకి పోత ఇనుము చక్రాలే. చప్పుడు ఎక్కువ, టైల్స్ మీదికి అస్సలు తేకూడదు, గచ్చు మీద మాత్రం ఏ బాధా లేదు.

కాకినాడ నుంచి:
నైలాన్ కాకుండా పీయూ చక్రాలు (పైన పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ పొర ఉండేవి) కొనేవాళ్లకి ఒక మాట. మాది సముద్రం గాలి. నా చక్రాల మీది పీయూ పొర మూడో వానాకాలానికి పాత బెల్లంలా మెత్తబడి పెళ్లలుగా ఊడింది. పీయూలో పాలియెస్టర్ రకం తేమకి చెడుతుంది, పాలీఈథర్ రకం తట్టుకుంటుంది. ఏ రకమో అడిగి కొనండి.

పాత మెకానిక్:
బ్రేకు సంగతి మరిచాను. చక్రం ఆగితే చాలదు, తిరిగే తల కూడా బిగుసుకోవాలి, టోటల్ లాక్ అంటారు. లేకపోతే ట్రాలీ మీది వైస్‌లో (బిగించి పట్టుకునే పనిముట్టు) పట్టిన బోల్టు మీద బలం వేసినప్పుడు ట్రాలీ అటూ ఇటూ ఊగుతుంది.

కొత్త షెడ్డు:
అందరికీ థాంక్స్. వెల్డింగ్ బయట చేయిస్తాను. మా ఊళ్లో తేమ తక్కువ. 5 అంగుళాల పీయూ, రెండు ఫిక్స్‌డ్, రెండు టోటల్ లాక్ అనుకుంటున్నాను. లేత్ అన్నా, గోడకి ఆనించే ఇబ్బంది తప్పదు, ట్రాలీ చోటే మారుస్తాను. కాళ్లు కోయించడానికి రేపు తీసుకెళ్తున్నాను.