రైతు హెల్ప్‌లైన్‌కు సాఫ్ట్‌స్విచ్: సొంతంగ పెట్టుకోవాల్నా, అద్దెకు తీసుకోవాల్నా?

హన్మకొండ డెస్క్:
మాది చిన్న విత్తనాల కంపెనీ. పత్తి, మక్క. తొలకరి పడ్డదంటే రైతుల ఫోన్లు ఆగయి. పోయినేడు ఎనిమిది లైన్ల పాత డబ్బాతోటి నడిపినం. బిజీ టోన్ విని విని రైతులు పోయి డీలర్ల మీద పడ్డరు. ఈసారి సీజన్‌ల పద్దెనిమిది మందిని కూసోబెడతం, మిగతా ఏడాదంత నలుగురమే. మా సార్‌కు సేల్స్ పిలగాడెవరో సాఫ్ట్‌స్విచ్ (కాల్స్‌ను కలిపే సాఫ్ట్‌వేర్) ఫీచర్ల కాగితం ఒకటి ఇచ్చిపోయిండు. ఐవీఆర్ ("ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అనే గొంతు), కాల్ క్యూ, రికార్డింగ్, లీస్ట్ కాస్ట్ రూటింగ్, ప్రీపెయిడ్ బిల్లింగ్, రీసెల్లర్ ప్యానెల్... నలభై దాకా ఉన్నయ్. "కొనుక్కొని మన సర్వర్ల పెట్టుకుందాం" అంటుండు సార్. నాకైతే అద్దెదే మేలనిపిస్తుంది, కాని గట్టిగ చెప్పేందుకు కారణం దొరుకుత లేదు.

ఎనుమాముల కేబుల్:
సొంతదే అక్కా. ఆస్టరిస్క్ గానీ ఫ్రీస్విచ్ గానీ, సాఫ్ట్‌వేర్‌కు పైసా కట్టేది లేదు. మా ఆఫీసుల పాత కంప్యూటర్ మీద ఐదేండ్లుగ నడుపుతున్న. కుర్చీకింత అని నెలనెలా కట్టుడు లేదు. రైతు మిస్డ్ కాల్ ఇస్తే ఎత్తకుండనే కట్ చేసి, నంబరు రాసుకొని, మనోళ్లు ఖాళీ కాంగనే తిరిగి కలిపే ప్రోగ్రాం ముక్క ఒక్క సాయంత్రంల రాసుకున్న. అద్దెకిచ్చేటోడు దాన్ని అదనపు మాడ్యూల్ అని అమ్ముతడు.

కాజీపేట రిటైర్డ్:
ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్లు చేసినవాణ్ని, కాస్త చాదస్తం ఓర్చుకోండి. ఆ కాగితంలో రెండు వేర్వేరు సరుకులు కలిసిపోయాయి. క్లాస్ 4 స్విచ్ ఒక ఆపరేటర్ నుంచి ఇంకో ఆపరేటర్‌కు కాల్స్ మోస్తుంది. ఏ దారి చవక, ఏ దారిలో ఎన్ని కాల్స్ కలుస్తున్నాయి అని చూసుకోవడం దాని పని. క్లాస్ 5 స్విచ్ మనిషి చేతిలోని ఫోన్‌ను చూసుకుంటుంది: క్యూ, ఐవీఆర్, డైవర్షన్, రికార్డింగ్. రీసెల్లర్ ప్యానెల్, లీస్ట్ కాస్ట్ రూటింగ్ నిమిషాలు టోకున కొని అమ్మేవాళ్ల సామాను. విత్తనాలమ్మేవాళ్లకు వాటితో పనేమిటమ్మా? పద్దెనిమిది కుర్చీలకు కావలసినదాన్ని మా రోజుల్లో పీబీఎక్స్ (ఆఫీసు సొంత చిన్న ఎక్స్ఛేంజి) అనేవాళ్లం, ఇప్పుడు ముందు ఐపీ చేర్చారు, అంతే.

ఇంతకీ రద్దీ ఎంత?

హన్మకొండ డెస్క్:
పొద్దున పది నుంచి పన్నెండు దాకా గంటకు 300 దాకా వస్తయని లైన్ ఇచ్చినోళ్ల లెక్క. ఒక్కో కాల్ సుమారు మూడు నిమిషాలు.

కాజీపేట రిటైర్డ్:
300 ఇంటు 3 అంటే 900 నిమిషాలు. 60తో భాగిస్తే 15 ఎర్లాంగులు, అంటే సగటున ఒకేసారి 15 కాల్స్ నడుస్తున్నంత రద్దీ. డెన్మార్క్ ఇంజినీరు ఎర్లాంగ్ 1917లో ప్రచురించిన సూత్రంలో వేసి చూడండి. ఎనిమిది లైన్లకు రెండు కాల్స్‌లో ఒకటి బిజీ. మీ రైతుల కోపం ఊరికే రాలేదు. 15 లైన్లు పెట్టినా అయిదారింటికి ఒకటి పోతుంది. 24 పెడితే నూటికి ఒకటి కూడా పోదు. అయితే క్యూలో పాట వింటూ కూర్చున్న రైతు కూడా ఒక ఛానెల్ పట్టుకునే ఉంటాడు, కనుక 30 అడగండి. (బిజీ వచ్చినవాడు మళ్లీ మళ్లీ కొడతాడు. మీ 300లో అవీ కలిసే ఉంటాయి.)

ఇంటర్నెట్ గురించి భయం వద్దు. జీ.711 కోడెక్‌లో (మాటను అంకెలుగా మార్చే పద్ధతి అది) ఒక కాల్‌కు ప్యాకెట్ల తొడుగులతో కలిపి ఒక్కో వైపు సెకనుకు సుమారు 87 కిలోబిట్లు. ముప్పై కాల్స్‌కు అటు 2.6, ఇటు 2.6 మెగాబిట్లు. జీ.729 అయితే అందులో మూడో వంతుకు కాస్త ఎక్కువ.

కరీంనగర్ గల్ఫ్:
చవక దారి గురించి ఒక్క మాట. మా దిక్కు ఊరూరికీ దుబాయి మనుషులే. ఒకప్పుడు చవక నిమిషాల కార్డులు కొని ఇంటికి చేస్తే, అమ్మ ఇంకా ఫోన్ ఎత్తకముందే నిమిషాలు కరిగేటివి. అవతల ఎత్తినట్టు దొంగ సంకేతం పంపే దారులవి. ఇక్కడ అమ్మ ఫోన్‌ల మా నంబరు కాకుండ ఏదో పది అంకెల లోకల్ నంబరు పడేది. అంటే ఆ కాల్ సిమ్ బాక్స్ (బయటి దేశం కాల్‌ను లోకల్ సిమ్ కాల్‌గ మార్చే డబ్బా) మీంచి వచ్చినట్టు, అది నేరం. లీస్ట్ కాస్ట్ అన్న మాట ఇంటేనే నాకు ఆ కార్డులు యాదికొస్తయ్.

భీమారం బ్యాక్‌ఎండ్:
సొంతంగ పెడితే రాత్రి ఎవరు లేస్తరు? అసలు ప్రశ్న గదే. నా పాత ఆఫీసుల సొంత సర్వరే ఉండె. 205 ఎక్స్‌టెన్షన్‌కు పాస్‌వర్డ్ కూడా 205. శనివారం రాత్రి ఎవడో దాని మీద లాగిన్ అయిండు. సోమవారం పొద్దున పోయి చూస్తే ఎన్నడూ పేరు ఇనని దేశాలకు వరుసగ కాల్స్, ఒక్కోటి గంటల కొద్ది. నిమిషానికింత అని వాటా వచ్చే ఖరీదైన నంబర్లవి, దొంగలకు ఆదాయమే అది. బిల్లు మాత్రం మాకే. ఫోన్ సర్వర్ లాగిన్లు వచ్చే 5060 పోర్టు బయటికి తెరిచి పెట్టి లాగ్ చూడుండ్రి, రోజు గడవకముందే ఎక్కడెక్కడోళ్లో వచ్చి పాస్‌వర్డ్‌లు కొట్టి చూస్తుంటరు.

ఎనుమాముల కేబుల్:
అది సర్వర్ తప్పు కాదు తమ్మీ, 205 తప్పు. ఐఎస్‌డీ బంద్, ఎక్స్‌టెన్షన్‌కు ఒక్కసారికి రెండే కాల్స్, రోజుకింతే ఖర్చు అని హద్దు, తెలిసిన ఐపీల నుంచే లాగిన్. ఈ నాలుగు పెడితే ఎవడేం జేస్తడు? ఆ నలభై ఫీచర్లల్ల పనికొచ్చేటివి ఇవే, అవి మాత్రం కాగితంల కనపడవు.

నిజం చెప్పాలంటే నాకు తిప్పలు దొంగల తోటి కాలేదు, రౌటర్ తోటి అయింది. మా మాట రైతుకు పోతది, రైతు మాట మాకు ఇనపడదు. "హలో, మాట్లాడుండ్రి, హలో" అని మా పిల్ల ఒర్రుకుంట మ్యూట్ బటన్ నొక్కుడు, తీసుడు. హెడ్‌సెట్లు మార్చినం, వైర్లు మార్చినం. వారం పట్టింది. ఆఖరికి ప్యాకెట్లు పట్టి చూస్తే, "మాట ఇక్కడికి పంపు" అని అవతలికి మేం చెప్తున్న అడ్రసు 192.168.1.40. అది మా ఆఫీసు లోపలి అడ్రసు. అవతలి స్విచ్ రైతు మాటను గదే అడ్రసుకు పంపుతుండె, బయటి నుంచి అది మా దాకా చేరదు. రౌటర్‌ల ఎస్ఐపీ ఏఎల్‌జీ అని ఒక తెలివి ఉంటది, అది సగం అడ్రసులు మార్చి సగం వదిలేస్తుంది. దాన్ని ఆపి, బయటి ఐపీని సర్వర్‌కు చెప్పినంక కుదిరింది.

భీమారం బ్యాక్‌ఎండ్:
నువ్వు దొరికినవ్ కాబట్టి వారంల అయింది అన్నా. అక్క దగ్గర నువ్వు లేవు కదా. సీజన్‌ల వారం పోతే విత్తనాలేసుడే అయిపోతది.

ఇంకోటి. 2023 జూలై వానలకు నయీంనగర్ నాలా పొంగినప్పుడు మాకు రెండు రోజులు కరెంటు లేదు, ఫైబర్ లేదు. అప్పటికి అద్దె దానికి మారినం. స్విచ్ హైదరాబాద్‌ల ఉన్నది. ఇంట్ల కూసోని ఫోన్‌ల లాగిన్ అయి నాలుగు మొబైళ్లకు డైవర్షన్ పెట్టిన. సొంత సర్వర్ అయితే దానితోటే మునిగేది. సచ్చిన డబ్బా కాల్‌ను ఎక్కడికి డైవర్ట్ చేస్తది?

ఎనుమాముల కేబుల్:
ఆ ముక్క ఒప్పుకుంట. సర్వర్‌ను హైదరాబాద్ డేటా సెంటర్ల అద్దె మిషన్ మీద పెట్టొచ్చు, కాని అప్పుడు అది సగం అద్దెదే అయితది.

కాజీపేట రిటైర్డ్:
ఏది పెట్టినా ఎస్ఐపీ ట్రంక్ (ఇంటర్నెట్ మీద వచ్చే ఫోన్ లైన్ల కట్ట) మాత్రం లైసెన్సున్న ఆపరేటర్ దగ్గరే తీసుకోండి. కాల్ సెంటర్లకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదని 2020 నవంబరులో తేల్చేశారు, ఆ కాగితాల పని మీకు లేదు.

హన్మకొండ డెస్క్:
సార్‌తో మాట్లాడిన. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పద్దెనిమిది కుర్చీలు, 30 ఛానెళ్లు అద్దెకు. తర్వాత నాలుగు కుర్చీలకు దించుకునే షరతు రాతపూర్వకంగ అడిగినం. ఐఎస్‌డీ బంద్. సంవత్సరానికి ఎనిమిది నెలలు ఖాళీగుండే దాన్ని కొనుడెందుకని సారే అన్నడు, నేను చెప్పకముందే.

ఎనుమాముల కేబుల్:
మంచిది. రికార్డింగులు, కాల్ లెక్కలు నెలనెలా మీ కంప్యూటర్‌ల దించుకో. నేను మొదట వాడిన అద్దె సర్వీసుల మూడు నెలలు దాటినయి చెప్పకుండ తుడిచేసిండ్రు, గందుకే నేను సొంతం పెట్టిన. ఇంకొకటి అడుగుత: ఆ హెల్ప్‌లైన్ నంబరు ఎవరి పేరు మీద తీసుకుంటున్నరు? అద్దెకిచ్చేటోడి పేరు మీద ఉంటే, రేపు వాణ్ని వదిలేస్తే నంబరు కూడా వానితోటే పోతది.

హన్మకొండ డెస్క్:
అయ్యో. ఆ నంబరు ఏసే విత్తనాల ప్యాకెట్లు నిన్న ప్రింటుకు పోయినయ్. ప్రెస్సుకు ఫోన్ చేసి ఆపమని చెప్పి మళ్ల వస్త.