డాట్ టేపులో ట్రాక్ నంబర్లు గందరగోళం

ప్రశ్న: డాట్ (డిజిటల్ ఆడియో టేపు) మీద కచేరీ రికార్డింగ్, ఆటో ఐడీలో (డెక్ తానే ట్రాక్ నంబర్లు వేసే పద్ధతి) చేసింది. ఆలాపన మధ్యలో నంబర్లు పడ్డాయి, కొన్ని కీర్తనలకు మాత్రం పడనే లేదు. శబ్దం చెడకుండా సరిచేయొచ్చా?

జవాబు 1: నిశ్చింతగా చేయొచ్చండి. స్టార్ట్ ఐడీలు (ట్రాక్ మొదలును చూపే గుర్తులు) సబ్‌కోడ్‌లో, అంటే శబ్దానికి విడిగా రాసే సమాచారంలో ఉంటాయి, వాటిని మార్చితే శబ్దానికి ఏమీ కాదు. ముందు క్యాసెట్ అంచున ఉన్న జారుడు పలక చూడండి. రంధ్రం తెరిచి ఉంటే డెక్ ఏమీ రాయదు. అక్కర్లేని ఐడీ ప్లే అవుతుండగా ఎరేజ్ నొక్కండి, వెనక్కి వెళ్లి చెరిపేస్తుంది. కావలసిన చోట రైట్ నొక్కండి. మామూలు వేగంలో ఒక్కో ఐడీ 9 సెకన్లు పరుచుకుంటుంది, అంతకన్నా దగ్గరగా రెండోది పెట్టలేరు. రిహార్సల్ (ఐడీ చోటును విని సరిచూసుకునే సదుపాయం) ఉన్న డెక్ అయితే పల్లవి ఎత్తుగడ మళ్లీ మళ్లీ వింటూ కొద్దికొద్దిగా జరపొచ్చు. రీనంబర్ (నంబర్లన్నీ మొదటినుంచి వరుసగా మళ్లీ వేయడం) అన్నిటికన్నా చివర.

జవాబు 2: ఆటో ఐడీ చూసేది శబ్దం స్థాయినే, రాగం దానికేం తెలుసు! కొన్ని సెకన్ల నిశ్శబ్దం తర్వాత శబ్దం లేస్తే నంబరు వేస్తుంది. కీర్తనల మధ్య తంబూరా, చప్పట్లు మోగుతుంటే నిశ్శబ్దమే దొరకదు. కచేరీలకు మాన్యువలే మేలు.

ఇంకొకటి: మధ్యలో రికార్డు కాని ఖాళీ టేపు ఉంటే రీనంబర్ అక్కడే ఆగిపోతుంది. రికార్డింగ్ కొనసాగించేముందు ఎండ్ సెర్చ్ (రికార్డింగ్ ముగిసిన చోటును వెతికే బటన్) వాడాలి, మధ్యలో నిశ్శబ్దం కావాలంటే రెక్ మ్యూట్ (నిశ్శబ్దాన్నే రికార్డు చేసే బటన్).

ప్రశ్న అడిగినవారు: శ్రుతి సరిచూసుకునే భాగం తీసేయాలంటే?

జవాబు 1: టేపు మీద కత్తిరించలేరు. అక్కడ స్కిప్ ఐడీ (ఇక్కడినుంచి దాటేయమనే గుర్తు) పెట్టండి. స్కిప్ ప్లే వేస్తే తర్వాతి స్టార్ట్ ఐడీకి దూకుతుంది. దూకేటప్పుడు కాస్త ఆగుతుంది, కాబట్టి కాపీ తీయడానికి పనికిరాదు.