సమస్యాపూరణం: మంట సోకిన గింజయే మన్ను జీల్చె

నిర్వాహకుడు: కవిమిత్రులకు నమస్కారం. ఈసారి సమస్య తేటగీతిలో:

*మంట సోకిన గింజయే మన్ను జీల్చె*

వస్తువు అరిజోనా నడిమి కొండల చాపరాల్ పొదలు. కింద కాక్టస్ ఎడారి, పైన పైన్ అడవి, ఈ రెంటికీ మధ్య సుమారు 3,000 నుంచి 6,000 అడుగుల ఎత్తున ఇవి పెరుగుతాయి. మండుటెండల్లో కూడా ఆకు రాల్చవు. ఆకులు చిన్నవి, దళసరివి. వీటిలో ఒకటైన మాంజనీటా పొద అయితే ఆకుల్ని నిలువుగా నిలబెడుతుంది, నడినెత్తి సూర్యుడికి అంచు మాత్రమే తగిలేలా. ‘పచ్చని పొదలు’ అనేసి ఊరుకోకండి. మొక్కను తెలుసుకుని రాయండి.

కొండగాలి (ఫీనిక్స్): ప్రెస్కాట్ దారిలో వీటిని చూస్తూనే ఉంటాం. నా పూరణ:

ఎర్ర కొమ్మల మాంజనీ టెండకొండ
వాలులం దెన్నొ యేండ్లుగ వాడకుండ
నిదురపోయెను గింజలు నేలలోన
మంట సోకిన గింజయే మన్ను జీల్చె

నిర్వాహకుడు: ‘ఎర్ర కొమ్మల’ అనగానే ఆ నున్నటి బెరడు కళ్లకు కట్టింది. నిద్రపోయే గింజల్ని ముందు చెప్పడంతో ‘గింజయే’లోని ఏకారానికి బలం వచ్చింది. ఒక్క సవరణ: పువ్వు వాడుతుంది గాని గింజ వాడదు. ‘పాడవకయె’ అనండి. వ-ప యతి చెల్లుతుంది.

తేటనీరు: గురువుగారూ, ఈ పొదల్లోనే ఉండే ఓకు (oak) మీద నా ప్రయత్నం:

ముళ్ళ యాకుల యోకులు ముట్టుకొనగ
బూడిదయె మిగిలెను కొండ బోడి యయ్యె
వాన కురిసిన పిమ్మట వారములకె
మంట సోకిన గింజయే మన్ను జీల్చె

నిర్వాహకుడు: ధార బాగుంది. రెండో పాదం నడక మరీ నచ్చింది. చిక్కల్లా విషయం దగ్గరే. ఈ పొద ఓకు కాయకు గట్టి పెంకు లేదు, మంట తగిలితే చస్తుంది. కాలిన కొన్ని వారాలకు మీరు చూసే చిగురు గింజది కాదు, వేరు మొదలుది. దాని వేళ్లు 20 అడుగులకు పైగా లోతుకు దిగుతాయి కాబట్టి పైనంతా పోయినా కింద ప్రాణం ఉంటుంది. మాంజనీటా దారి వేరు. ఇక్కడి రకాలు కాలితే మొదలంటా చస్తాయి. మట్టిలో దాగిన గింజలకు మంట వేడి, పొగ, బొగ్గు తగిలాకే మొలక వస్తుంది. మీ పద్యంలో ఓకుకు మాంజనీటా గుణం అంటింది.

అవధానప్రియ: 2013 జూన్ 30న యార్నెల్ కొండమీద 19 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయిన మంట ఈ పొదల్లోనిదే. పిడుగుతో అంటుకుంది. 1966 తర్వాత అక్కడ కాలకపోవడంతో ఎండుకట్టె పేరుకుపోయి ఉంది. వారిని తలుచుకుని:

అగ్నియోధులు మంటల కాహుతైరి
వారు నడిచిన వాలులో వాన కురిసె
తల్లి కన్నుల నేటికీ తడియె మిగిలె
మంట సోకిన గింజయే మన్ను జీల్చె

కొండగాలి: అమ్మా, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

నిర్వాహకుడు: ఇంతవరకు వచ్చినవాటిలో సమస్యను పూర్తిగా తనది చేసుకున్న పద్యం ఇదే. లేచింది గింజ ఒక్కటే, మనుషులు లేవలేదు. ఆ మాట పైకి అనకుండా ఏకారంతోనే చెప్పారు. వానను, కంటి తడిని పక్కపక్క పాదాల్లో పెట్టడం మంచి ఊహ. మార్చాల్సిందేమీ లేదు.

తేటనీరు: సవరించిన పూరణ, చూడగలరు:

ముళ్ళ యాకుల యోకుకు మొదలె దిక్కు
వేరు ముడినుండి చిగురించు వింతగాను
మాంజనీటకు మాత్రము మార్గ మొకటె
మంట సోకిన గింజయే మన్ను జీల్చె

నిర్వాహకుడు: ఇప్పుడు రెండు మొక్కలూ తమ తమ తీరున నిలబడ్డాయి. ‘వింతగాను’ మాత్రం పాదం నింపడానికి వచ్చిన మాటలా ఉంది. ఓకుకు అది వింతేమీ కాదు, పుట్టుకతో వచ్చిన గుణం. ‘విరివిగాను’ అంటే యతికి లోటు రాదు, ఒక్క మొదలు నుంచి గుత్తులుగా లేచే చిగుళ్లూ కనిపిస్తాయి.