పెద్దమనుషులు, ఆటగాళ్ళు: ఎవరు గారు, ఎవరు గాడు?

కలంకూలి:
సభ్యులందరికీ నమస్కారం. ఒక అనువాదంలో మూడు రోజులుగా ఒకే మాట దగ్గర చతికిలబడ్డాను. విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండు క్రికెట్ ఎవరి చేతుల్లో ఎలా నడిచిందో చెప్పే వ్యాసం అది. అందులో అడుగడుగునా తగిలేది ‘జెంటిల్మెన్ వర్సెస్ ప్లేయర్స్’. 1806లో లండన్‌లోని లార్డ్స్ మైదానంలో మొదలై, మధ్యలో కొన్నేళ్ళు ఆగినా 1962 దాకా సాగిన పోటీ. ఒక జట్టు డబ్బు ముట్టని అమెచ్యూర్లది, రెండోది డబ్బుకు ఆడే ప్రొఫెషనల్స్‌ది.

మొదట ‘ఔత్సాహికులు – వృత్తి ఆటగాళ్ళు’ అని రాసేశాను. పత్రికల్లో వాడే మాటలే. మా అబ్బాయి చదివి, "ఔత్సాహికులంటే ఇంకా నేర్చుకుంటున్నవాళ్ళా నాన్నా?" అన్నాడు. అక్కడ కలం ఆగింది. ఆ ‘నేర్చుకుంటున్నవాళ్ళ’లో డబ్ల్యూ.జి. గ్రేస్ ఉన్నాడు మరి! 1895లో, 46 ఏళ్ళ వయసులో, ఒక్క మే నెలలోనే వెయ్యి పరుగులు చేసి, అదే నెలలో నూరో శతకం కూడా కొట్టినవాడు.

పోనీ ‘పెద్దమనుషులు – ఆటగాళ్ళు’ అందామా అంటే, రెండోవాళ్ళు ఆడుతుంటే మొదటివాళ్ళు రచ్చబండ మీద కూర్చుని తీర్పు చెప్పినట్టుంది. దారి చూపండి.

తెనాలి తాతయ్య:
‘ఔత్సాహిక’ను అంత తేలిగ్గా తీసెయ్యకు నాయనా. ఆ మాటను మోసింది నాటకాలవాళ్ళం. 1885లో కడప సీమలోని సురభి గ్రామంలో కీచకవధ ఆడి బయల్దేరిన కుటుంబాలది వృత్తి నాటకం, అదే వాళ్ళ కూడు. ఆ మరుసటి ఏడే బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు సరసవినోదినీ సభ పెట్టారు. ఆయన వకీలు, పొట్టకోసం వేషం కట్టలేదు. అలాంటి సభలనే తర్వాత ఔత్సాహిక సమాజాలన్నాం. అందులో ‘నేర్చుకుంటున్నవాడు’ అనే వాసనే లేదు. అది మీ టీవీల కాలంలో అంటుకున్న జిడ్డు.

ఇంకోటి కూడా చెప్పాలి. డబ్బు తీసుకోం అంటూనే పరిషత్తు పోటీలకు వెళ్ళినప్పుడు దారి ఖర్చుల కవరు మేమూ తీసుకునేవాళ్ళం. అందులో దారికి అయినదానికంటే కొంచెం ఎక్కువే ఉండేది. మీ ఇంగ్లీషు దొరలు అలా చేశారో లేదో నాకు తెలీదు.

షెఫీల్డ్ చెల్లి:
చేశారు తాతయ్యగారూ, మహబాగా చేశారు. దాని సంగతి తర్వాత. ముందు అన్నయ్య ప్రశ్నకు.

నేను పదకొండేళ్ళుగా ఉంటున్న ఈ ఊళ్ళోనే 1863లో యార్క్‌షైర్ కౌంటీ క్లబ్బు పుట్టింది. ‘కౌంటీ’ని మాత్రం జిల్లా అని రాయకన్నయ్యా. మన జిల్లా జట్టులా సర్కారీ వాసన ఉన్నది కాదు. చందా కట్టిన సభ్యులు, వాళ్ళు ఎన్నుకున్న కమిటీ, ఒక గౌరవ కార్యదర్శి, అంతే, అచ్చమైన ప్రైవేటు క్లబ్బు. అందరికీ పైన నియమాలు రాసే ఎం.సి.సి. (మెరిల్‌బోన్ క్రికెట్ క్లబ్బు) కూడా 1787లో పెట్టుకున్న ప్రైవేటు క్లబ్బే. ఆ క్లబ్బుల్లో ప్రొఫెషనల్ అంటే సభ్యుడు కాదు, పనివాడు. మ్యాచ్ లేని రోజు సభ్యులకు నెట్స్‌లో బంతులు వెయ్యాలి. మ్యాచ్‌కి సొంతూళ్ళో 5 పౌండ్లు, పొరుగూరైతే 6, అందులోనే రైలు, బస, తిండి. చాలాచోట్ల బట్టలు మార్చుకునే గది వేరు, మైదానంలోకి వచ్చే గేటు కూడా వేరు. ఒకే జట్టు తరఫున ఇద్దరూ ఓపెనింగ్‌కి దిగితే, ఒకడు ఇటునుంచీ ఒకడు అటునుంచీ నడిచొచ్చి పిచ్ దగ్గర కలుసుకోవాలన్నమాట!

కాబట్టి అమెచ్యూర్ అనేది ఆట ఎంత వచ్చో చెప్పే మాట కాదు, ఏ గేటులోంచి వచ్చాడో చెప్పే మాట. నా ఓటు ‘పెద్దమనిషి’కే. 1956 నాటి ఒప్పందాన్ని ‘పెద్దమనుషుల ఒప్పందం’ అని మనం ఎప్పుడో అనేసుకున్నాం కదా, జెంటిల్మన్‌కి అదే మాట.

ఉప్పల్ గ్యాలరీ:
ఆ ఒప్పందం ముచ్చట మా దగ్గర ఎత్తకక్కా, ‘పెద్దమనిషి’ అంటేనే నవ్వొస్తది 😄 కానీ అందుకే ఆ మాట కరెక్టు అనిపిస్తున్నది. మర్యాదకూ పనికొస్తది, ఎకసెక్కానికీ పనికొస్తది. "మంచి పెద్దమనిషివే దొరికినవ్" అంటం కదా.

ఒక డౌటు. ఏ కౌంటీకి ఎవరు ఆడాలె? డబ్బు తీసుకునేటోడు ఎక్కడ ఎక్కువిస్తే అక్కడికి పోతడు గదా?

షెఫీల్డ్ చెల్లి:
పోయేవాళ్ళు తమ్ముడూ. ఒకే సీజన్‌లో రెండు కౌంటీలకు ఆడినవాళ్ళూ ఉన్నారు. 1873లో కౌంటీలన్నీ కూర్చుని కట్టడి చేశాయి: ఒక సీజన్‌కి ఒకే కౌంటీ, అదీ పుట్టిన కౌంటీ అయినా కావాలి, లేదా రెండేళ్ళు నివాసమున్నదైనా కావాలి. ఈ ఒక్క నియమం మాత్రం పెద్దమనుషులకూ పనివాళ్ళకూ ఒకటే.

ఉప్పల్ గ్యాలరీ:
అంటే లోకల్, నాన్‌లోకల్ పంచాయితీ! కలమన్నా, దీనికి మాత్రం నువ్వు కొత్త మాట ఎతకాల్సిన పని లేదు. ‘స్థానికత’ అని రాయి, రెండు రాష్ట్రాలోళ్ళకూ ఒక్క సెకన్ల అర్థమైతది.

కలంకూలి:
రాసేశా తమ్ముడూ. ఇంత సులువుగా ఇంకో మాట దొరకలేదు ఈ వ్యాసం మొత్తంలో.

వ్యాకరణం మాస్టారు:
అందరూ ‘పెద్దమనిషి’ చుట్టూ తిరుగుతున్నారు గానీ అసలు తమాషా ‘ఆటగాడు’లో ఉంది. ఆ జంటలో ‘ప్లేయర్’ అనే మాటకు ఒట్టి ఆడేవాడు అని కాదు, పనికి ఆడేవాడు అని అర్థం. మన ‘ఆటగాడు’లో చివరి ‘గాడు’ వినగానే చాలామందికి ఎవరినో తక్కువచేసినట్టు వినిపిస్తుంది. వ్యాకరణం ప్రకారం అది పొరపాటు. విలుకాడు, వేటకాడు, అందగాడు, మొనగాడు... వీటిలోని కాడు/గాడు ‘అది కలవాడు, అది చేసేవాడు’ అని చెప్పే ప్రత్యయం. ఆడవారికైతే కత్తె/గత్తె: అందగత్తె, సొగసుకత్తె. పేరు వెనక తగిలించి "సుబ్బిగాడు" అనే గాడు తీరు వేరు, ఆ మాటకు ఆడరూపం "సుబ్బిగత్తె" అని రాదు చూడండి.

అయినా చెవి వ్యాకరణం చదువుకోదు. ‘పెద్దమనుషులు – ఆటగాళ్ళు’ అని పక్కపక్కన పెడితే ఒకరు గారు, ఒకరు గాడు అన్నట్టే వినబడుతుంది. ఇక్కడ ఆ పొరపాటే మీకు మేలు చేస్తుందేమో ఆలోచించండి.

కలంకూలి:
మాస్టారూ, మీరు గారు–గాడు అనగానే వ్యాసంలోని ఒక పేరా తళుక్కుమంది. స్కోరుకార్డుల్లో అచ్చంగా అదే చేశారు. పెద్దమనిషైతే పేరు ముందు మిస్టర్, లేదా ఇనీషియల్స్ ముందుంచి తర్వాత ఇంటిపేరు. పనివాడైతే ఒట్టి ఇంటిపేరు, మరీ తప్పకపోతే ఇనీషియల్స్ వెనకాల. ఈ పిచ్చి విక్టోరియాతో పోలేదు. ఇరవయ్యో శతాబ్దం నడిమిలో కూడా లార్డ్స్ మైకులో, కార్డులో తప్పుపడింది, ‘ఎఫ్.జె. టిట్‌మస్’ని ‘టిట్‌మస్, ఎఫ్.జె.’గా చదువుకోవాలని సవరణ చెప్పారట. కుర్రవాడు ఫ్రెడ్ టిట్‌మస్ ప్రొఫెషనల్ కదా.

దీన్ని తెలుగులోకి తేవడం ఎలా చెప్పండి? మనకు ఇంటిపేరు ముందుండటమే మర్యాద. గురజాడ అప్పారావు, కందుకూరి వీరేశలింగం. వాళ్ళకు అవమానమైన వరస మనకు సన్మానపత్రం వరస! పాఠకుడికి "ఇందులో తప్పేముంది" అనిపిస్తుంది.

తెనాలి తాతయ్య:
వరసను అనువదించకు, మర్యాదను అనువదించు. ఒకాయన "శ్రీ ఫలానావారు", ఇంకొకడు ఒట్టి "ఫలానా". పాత పెళ్ళి శుభలేఖల్లో, పద్దు పుస్తకాల్లో మనకూ ఈ తేడా ఉన్నదే. కొట్టారి కనకయ్య నాయుడుగారిని సి.కె. నాయుడు అని ఇనీషియల్స్ ముందుపెట్టి రాస్తాం కదా, ఆ లెక్కన ఆయన లార్డ్స్‌వారి దృష్టిలోనూ పెద్దమనిషే అన్నమాట.

ఉప్పల్ గ్యాలరీ:
ఆయన 1932ల అదే లార్డ్స్‌ల మన మొదటి టెస్టుకు కెప్టెన్ గదా తాతా. 1936కు వచ్చేసరికి కెప్టెన్సీ విజయనగరం రాజకుమారుడు విజ్జీకి పోయింది, నాయుడుసాబ్ ఆయన కింద ఆడిండు. ఇద్దరూ తెలుగోళ్ళే. కెప్టెన్ అంటే ముందుగాల పుట్టుక చూడాలె, తర్వాత ఆట అనే రోగం ఇంగ్లండు నుంచే అంటుకున్నట్టున్నది.

షెఫీల్డ్ చెల్లి:
నిజమే. మా యార్క్‌షైర్‌కి మొదట్లో టామ్ ఎమ్మెట్ లాంటి ప్రొఫెషనల్ కెప్టెన్లే. 1883లో పెద్దమనిషి లార్డ్ హాక్ కెప్టెన్‌గా వచ్చాడు, 1910 దాకా కదల్లేదు. అయితే ఆయన్ని ఒక్కమాటతో తీసెయ్యలేం. 1890ల్లో చలికాలంలో కూడా ఆటగాళ్ళకు వారానికి 2 పౌండ్లు ఇప్పించాడు. అంతకుముందు సెప్టెంబరులో ఆట ముగిస్తే ఏప్రిల్ దాకా ఎవరి తిప్పలు వాళ్ళవే. బెనిఫిట్ మ్యాచ్‌లో, అంటే ఒక ఆటగాడి మేలు కోసం పెట్టే మ్యాచ్‌లో, వచ్చిన సొమ్ములో మూడింట రెండు వంతులు క్లబ్బే పట్టి ఉంచి మదుపు పెట్టేది, తాగి తగలేస్తారని భయం. అదే హాక్ 1897లో బాబీ పీల్ అంతటి బౌలర్‌ని మైదానానికి తాగి వచ్చాడని ఇంటికి పంపించేశాడు. పెద్ద రైతు పాలేరును చూసుకున్నట్టు: పండక్కి బట్టలు పెడతాడు, తప్పు చేస్తే గెంటేస్తాడు.

వ్యాకరణం మాస్టారు:
అమ్మా, మీరు పాలేరు అన్నారు కాబట్టి ఒక మాట గుర్తొచ్చింది. ‘జీతగాడు’. తెలంగాణలో ఇంకా నలుగుతున్న మాట. ‘పెద్దమనుషులు – జీతగాళ్ళు’ ఎలా ఉంటుంది?

ఉప్పల్ గ్యాలరీ:
మా తాత పటేల్ దగ్గర జీతమున్నడు సార్. జీతగాడంటే సంవత్సరమంతా ఒక్క దొరకే. వీళ్ళది మ్యాచ్ మ్యాచ్‌కి లెక్క గదా, అది కూలి. ఆ 2 పౌండ్లు చలికాలంల కూడా ఇచ్చినంక జీతగాళ్ళైండ్రు. అప్పటిదాంక కూలోళ్ళే.

కలంకూలి:
ఇంత సున్నితంగా నేను చూడలేదు తమ్ముడూ. ఇంకో దశ కూడా ఉంది దీని ముందు. 1846లో నాటింగ్‌హామ్ విలియం క్లార్క్ అనే ప్రొఫెషనల్ తనలాంటివాళ్ళను కూడగట్టి ఆల్ ఇంగ్లండ్ ఎలెవన్ పెట్టాడు. అప్పుడే పడ్డ రైళ్ళెక్కి ఊరూరా తిరిగి, ఊరివాళ్ళు ఇరవైరెండు మంది దిగితే పదకొండు మందితో ఆడి, టిక్కెట్టు డబ్బు తెచ్చుకున్నారు. తాతయ్యగారి సురభి కంపెనీ లాగే. లాభం క్లార్క్ జేబులోకి ఎక్కువ, మిగతావాళ్ళకు తక్కువ వెళ్తోందని 1852లో జాన్ విజ్డెన్ వగైరా విడిపోయి ఇంకో జట్టు పెట్టుకున్నారు. కౌంటీ క్లబ్బులు బలపడి, 1890లో ఎనిమిది కౌంటీలతో అధికారికంగా ఛాంపియన్‌షిప్ మొదలయ్యేసరికి ఆ కంపెనీల కాలం ముగిసింది. మొదటి ఏడాది విజేత సర్రే.

తెనాలి తాతయ్య:
అమ్మాయ్, దారి ఖర్చుల కవరు సంగతి తర్వాత చెప్తానన్నావు.

షెఫీల్డ్ చెల్లి:
మర్చిపోలేదు తాతయ్యగారూ. 1873–74లో గ్రేస్ జట్టును తీసుకుని ఆస్ట్రేలియా వెళ్ళాడు. జట్టులోని ప్రొఫెషనల్స్‌కి తలా 170 పౌండ్లు. పెద్దమనిషి గ్రేస్‌కి 1,500. 1891–92లో మళ్ళీ ఆస్ట్రేలియాకు లార్డ్ షెఫీల్డ్ అనే దొర పిలిస్తే 3,000, ఖర్చులు వేరే. 1895లో అభిమానులు చందాలేసి ఇచ్చింది 9,000 పైచిలుకు. ఇదంతా జరుగుతుండగానే, ఖర్చులకు మించి తీసుకున్నవాడు లార్డ్స్‌లో పెద్దమనుషుల జట్టుకు పనికిరాడని ఎం.సి.సి. 1878లో తీర్మానించింది. గ్రేస్ ఆడుతూనే ఉన్నాడు!

నోరు తెరిచి అడిగిన ప్రొఫెషనల్స్ గతి చూడండి. 1881లో నాటింగ్‌హామ్‌షైర్‌లో ఆల్ఫ్రెడ్ షా, ఆర్థర్ ష్రూస్‌బరీ ముందుండి ఏడుగురు సమ్మె చేస్తే కమిటీ వంగలేదు. 1896లో సర్రేవారి ఓవల్ మైదానంలో టెస్టుకు 10 పౌండ్లు చాలవు, 20 ఇమ్మని ఐదుగురు అడిగారు. ముగ్గురు వెనక్కి తగ్గి ఆడారు. లోమన్, గన్ బయటే ఉండిపోయారు. గ్రేస్‌కి ఎంతిస్తున్నారని జనం గొణిగితే, ఓవల్‌లో మ్యాచ్‌కి 10 పౌండ్లు ఖర్చుల కింద తప్ప ఏమీ ఇవ్వడంలేదని సర్రే క్లబ్బు ప్రకటించుకోవాల్సి వచ్చింది.

తెనాలి తాతయ్య:
అందులో తెలుగు సమస్య ఏమీ లేదే! పనివాడికిచ్చేది కూలి. గుమాస్తాకిచ్చేది జీతం. కళాకారుడికిచ్చేది పారితోషికం. గౌరవ కార్యదర్శికిచ్చేది గౌరవ వేతనం. పండితుడికి పళ్ళెంలో పెట్టి ఇచ్చేది సంభావన. నోటు ఒకటే, ఇచ్చే చెయ్యి వంగిందా లేదా అన్నదే తేడా. మీ గ్రేస్‌గారు పుచ్చుకున్నది సంభావన.

కలంకూలి:
తాతయ్యగారూ, ఆ మాటకి దండం. అలాంటి దొంగ అమెచ్యూర్లను ఎగతాళి చెయ్యడానికి ఇంగ్లీషులో ‘షామెచ్యూర్’ అని ఒక మాట పుట్టింది. సర్రేకి చెందిన వాల్టర్ రీడ్‌కి 1881లో క్లబ్బువారు సహాయ కార్యదర్శి ఉద్యోగమిచ్చారు. జీతం కార్యదర్శిగా, ఆట పెద్దమనిషిగా. ఈ షామెచ్యూర్‌కి తెలుగు?

ఉప్పల్ గ్యాలరీ:
ఉత్తుత్తి ఔత్సాహికుడు... ‘ఉత్తుత్సాహికుడు’!

వ్యాకరణం మాస్టారు:
సంధి ప్రకారం చెల్లదు. ఉత్తుత్తి దేశ్యం, ఔత్సాహికం సంస్కృతం. మధ్యలో అక్షరాలు ఏ సూత్రంతో మింగారో పాణిని కూడా చెప్పలేడు. అయితే షామెచ్యూర్ కూడా అలా అడ్డంగా అతికించిన మాటే కనుక ఈ ఒక్కసారికి నేను చూడలేదనుకోండి.

కలంకూలి:
సరే, ఇలా ఖాయం చేసుకుంటున్నాను. మ్యాచ్ పేరు ‘పెద్దమనుషులు – ఆటగాళ్ళు’, మాస్టారు చెప్పిన ఆ చెవి పొరపాటుతో సహా. మామూలు వాక్యాల్లో 1890లకు ముందు ‘కూలికి ఆడేవాళ్ళు’, తర్వాత ‘జీతగాళ్ళు’. గ్రేస్‌కి ‘సంభావన’. వాల్టర్ రీడ్‌కి ఉత్తుత్సాహికుడు, సంపాదకుడు కొట్టెయ్యకపోతే. ‘ఔత్సాహిక’ను తాతయ్యగారి నాటకాలకే వదిలేస్తున్నాను.

ఉప్పల్ గ్యాలరీ:
అన్నా, మరి ఈ అనువాదానికి నీకు సంభావననా, జీతమా?

కలంకూలి:
పేజీకి ఇంతని మాట్లాడుకున్నాం తమ్ముడూ. మ్యాచ్ కూలే. చలికాలం ఏమీ రాదు.